లండన్ గంట, మన అరగంట

షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నవాళ్ళకి ఒక జబ్బు అంటుకుంటుంది. ఎవరు మాట్లాడుతున్నా వేళ్ళు తొడమీద గీతలు గీస్తూ పోతాయి. బస్సులో కండక్టరు చిల్లర అడిగినా, పెళ్ళిలో పురోహితుడు సంకల్పం చెప్పినా అంతే. నాకది ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. ఉద్యోగంలో చేరి ఆఫీసు ఉత్తరాలు రాసుకోక ముందే వార్సా, లైప్‌జిగ్, ప్రాగ్, తిమిషోరా అనే పేర్లు నా చేతికి అలవాటయ్యాయి. ఆ పుణ్యం మా పెదనాన్నది, ఆయన రేడియోలది.

మాది నెల్లూరు జిల్లా. మా వైపు వాళ్ళకి హైదరాబాదు పేరుకే రాజధాని. పెళ్ళి చీరలకైనా, కంటి ఆపరేషన్‌కైనా, ఉద్యోగానికైనా గూడూరులో రైలెక్కి మద్రాసు సెంట్రల్లో దిగడమే. 1989లో నాకు డిగ్రీ అయింది. టైపు ఊళ్ళోనే హయ్యర్ పాసయ్యాను. షార్ట్‌హ్యాండ్ మద్రాసులో అయితే బాగా చెబుతారని నాన్న నన్ను తీసుకొచ్చి టి.నగర్‌లో పెదనాన్న వాళ్ళింట్లో దించి వెళ్ళాడు. మేడమీద పోర్షన్. కింద హౌస్ ఓనర్లు, తమిళులు. మాంబళం స్టేషను నడిచివెళ్ళే దూరం.

పెదనాన్న తంతి ఆఫీసులో పనిచేసి రిటైరైనాడు. ప్యారిస్ కార్నర్ దగ్గర బీచ్ రోడ్డులోనే ఆయన సర్వీసంతా గడిచింది. తంతి భాష మోర్స్ చెవిన పడితే చాలు, చెయ్యి దానంతటది ఇంగ్లీషులో రాసుకుపోయేదట. "మధ్యలో బుర్ర దూరకూడదమ్మా, దూరితే తప్పులొస్తాయి" అనేవాడు. రేడియోలో స్టేషనుకీ స్టేషనుకీ మధ్య కిచకిచమని మోర్స్ వస్తే మనమైతే విసుక్కుని ముల్లు తిప్పేస్తాం. ఆయన అక్కడే ఆగేవాడు. "వి డబ్ల్యూ ఎం. మన మద్రాసు రేడియో. ఏదో ఓడని పిలుస్తున్నాడు" అని మురిసిపోయేవాడు. "ఆ ఓడ వచ్చేలోపు రేషన్ షాపు మూసేస్తాడు" అని పెద్దమ్మ సంచీ చేతికిచ్చేది.

ఇంట్లో రెండు సెట్లుండేవి. ఒకటి పాత మర్ఫీ వాల్వు సెట్టు. స్విచ్ వేశాక అది వేడెక్కి గొంతు విప్పేదాకా ఓపిగ్గా కూర్చోవాలి. రెండోది బర్మా బజార్లో కొన్న నేషనల్ పానసోనిక్. అది అమ్మినాయన రంగూన్ నుంచి కట్టుబట్టలతో వచ్చిన తెలుగాయన. తమిళం, తెలుగు, బర్మీస్ మూడూ కలిపి మాట్లాడేవాడు. 1988లో బర్మాలో విద్యార్థులు రోడ్లమీదికి వచ్చినప్పుడు, అక్కడే ఉండిపోయిన చుట్టాల కోసం కొట్టు మూసేశాక కూడా బీబీసీ బర్మీస్ వార్తలు పట్టుకుని కూర్చునేవాడట. సెట్టు బాగుందో లేదో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని పెదనాన్న నమ్మకం.

మేడమీద రెండు వెదురు బొంగుల మధ్య రాగితీగ ఏరియల్. దానిమీద బట్టలారేసే హక్కు ఎవరికీ లేదు. సాయంత్రం ఆరు దాటాక మిక్సీ వెయ్యకూడదు, ట్యూబులైటు ఆర్పెయ్యాలి. మాంబళం లైన్లో ఎలక్ట్రిక్ రైలు పోయినప్పుడల్లా స్పీకర్లో కరకరమనేది, దాన్ని మాత్రం ఆయన ఏం చెయ్యలేకపోయాడు. అక్టోబరు నవంబరుల్లో వాన పట్టిందంటే ఇంకో గోల. ఎక్కడో సముద్రంమీద మెరిసిన మెరుపు కూడా వార్త మధ్యలో పటపటమని పగిలేది.

నాకు ఆయన నేర్పిన మొదటి విద్య వాచీ తలకిందులు చెయ్యడం. నమ్మని వాళ్ళు ముళ్ళ గడియారంతో ఇప్పుడే చేసి చూడొచ్చు. మన టైము చూపించే వాచీని తలకిందులుగా తిప్పి, పన్నెండు కిందికీ ఆరు పైకీ వచ్చేలా పట్టుకుంటే అది గ్రీన్‌విచ్ టైము చెబుతుంది. మనకీ వాళ్ళకీ అయిదున్నర గంటల తేడా కావడం వల్ల నిమిషాల ముల్లు సరిగ్గా సరిపోతుంది, గంటల ముల్లు మాత్రం ఒక అరగంట వెనకబడుతుంది. లండన్‌లో గంట కొట్టే వేళకి మనకి ఎప్పుడూ అరగంటే. అందుకే మా ఇంట్లో పనులన్నీ అరగంటల లెక్కన జరిగేవి. తొమ్మిదింటికి భోజనం అంటే కుదరదు, ఎనిమిదిన్నర వార్తలయ్యాక అనాలి.

రెండో విద్య వినడం. షార్ట్‌హ్యాండ్ క్లాసులో మాస్టరు నిమిషానికి ఇన్ని మాటలని వాచీ పెట్టుకుని చదివేవాడు. ఇంటికొస్తే పెదనాన్న వాయిస్ ఆఫ్ అమెరికా పెట్టేవాడు. అందులో స్పెషల్ ఇంగ్లీష్ అని ఒక కార్యక్రమం 1959 నుంచీ వస్తుండేది. సుమారు 1500 మాటలతోనే వార్తలన్నీ చెప్పేవాళ్ళు, మామూలు వేగంలో మూడింట రెండొంతులకి మించకుండా చదివేవాళ్ళు. ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ళ కోసం పెట్టినది, నా గీతల కోసమే పెట్టారన్నట్టు సరిపోయింది. చెయ్యి కుదిరాక బీబీసీకి మార్చాడు. అక్కడ మొదటి రోజు పేర్ల దగ్గరే చతికిలబడ్డాను. షార్ట్‌హ్యాండ్ నేర్పే పిట్‌మన్ పుస్తకంలో 'మీ ఉత్తరం అందింది'కి ఒక్క గీత ఉంది. ఆ ఆగస్టులో పోలండ్ ప్రధానమంత్రి అయిన తదేవుష్ మజోవియెత్స్కికి ఏ గీత గియ్యాలో ఏ పుస్తకమూ చెప్పలేదు. నేనే ఒకటి కనిపెట్టుకున్నాను. ఇన్‌స్టిట్యూట్‌లో మాస్టరు అది చూసి, తేలు బొమ్మ ఎందుకు వేశావని అడిగాడు.

రాసుకున్నదంతా పొడుగాటి ఖాతా పుస్తకంలోకి ఎక్కేది. టైము, స్టేషను, మీటర్ బ్యాండు (షార్ట్‌వేవ్‌లో ఏ తరంగం మీద దొరికింది), ఎవరు చెప్పారు, ఏం చెప్పారు. ఈ వరస మారడానికి వీల్లేదు. ఏం చెప్పారన్నది ఆఖరి గడి. ఒక్క రేడియోనే చెప్పిన మాటయితే ఎర్ర పెన్సిల్. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు చెబితే అప్పుడు పెన్నూ ఇంకూ. ఇద్దరూ ఒకే ఏజెన్సీ పేరు చెప్పారా, అది ఇద్దరి కింద రాదు. అంకెలైతే టెలిగ్రాంలో లాగా మళ్ళీ చదివి సరిచూసుకోవాలి. ఇంగ్లండులో రెడింగ్ అనే ఊరి దగ్గర కావర్షమ్ పార్కులో బీబీసీ వాళ్ళు ఒక పెద్ద బంగళాలో మనుషుల్ని పెట్టి ప్రపంచంలోని రేడియోలన్నీ ఇట్లాగే వినేవాళ్ళు. మన ఆకాశవాణికీ అట్లాంటి మానిటరింగ్ విభాగం ఒకటి ఉండేది. "వాళ్ళకి జీతాలిస్తారు" అనేది పెద్దమ్మ.

నేను మద్రాసు చేరేసరికే పుస్తకం సగం నిండి ఉంది. అందులో జూన్ 4 పేజీ నాకు బాగా గుర్తు. పైన బీజింగ్, తియనన్మెన్. కింద పోలండ్ ఎన్నికలు. రెండూ ఒకే రోజు. ఒకచోట ట్యాంకులు, ఒకచోట ఓట్ల డబ్బాలు. పెదనాన్న ఆ రెండింటి మధ్య ఒక గీత కూడా గియ్యలేదు, ఎందుకంటే ఒకే బులెటిన్‌లో వచ్చాయి. ఆ మేనెల నుంచే చైనా వాళ్ళు వాయిస్ ఆఫ్ అమెరికా చైనీస్ ప్రసారాలు జనానికి వినపడకుండా వాటి మీద రొద పెట్టడం మొదలుపెట్టారు. రష్యా వాళ్ళు అదే రొద 1987, 88ల్లో ఆపేశారు. ఒకడు మానేసిన పనిని ఇంకోడు ఎత్తుకున్నాడన్నమాట. కొన్ని బ్యాండుల్లో గుర్రుమనే ఆ రంపపు చప్పుడు ఎందుకు పోయిందో, ఇంకో చోట ఎందుకు వచ్చిందో పట్టుకుంటే సగం రాజకీయం అర్థమవుతుందని పెదనాన్న సిద్ధాంతం.

ఆ ఏడు రేడియో కూడా విచిత్రంగా వినపడేది. సూర్యుడి మీద మచ్చలు పదకొండేళ్ళకోసారి పెరుగుతాయి కదా, 1989 ఆ పెరిగిన ఏడు. మచ్చలెక్కువైతే ఆకాశంలో పైపొర గట్టిపడి, ఎక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు కూడా కిందికి తిరిగొస్తాయి. పగటిపూట 13, 16 మీటర్లలో లండన్ పక్కవీధిలోంచి వచ్చినట్టు వచ్చేది. మళ్ళీ సూర్యుడికి కోపమొచ్చిన రోజు అన్ని బ్యాండులూ చచ్చిపడేవి. ఆ మార్చిలో వచ్చిన సౌర తుఫానుకి కెనడాలో క్విబెక్ రాష్ట్రమంతా కరెంటు పోయింది. మనకి కరెంటు పోవడానికి సూర్యుడిదాకా పోనక్కర్లేదు గాని, అట్లా షార్ట్‌వేవ్ మూగబోయిన రోజుల్లో పెదనాన్న పంచాంగం కూడా చూసేవాడు.

ఇక బాబాయిగారి సంగతి. నిజానికి ఆయన మాకు చుట్టం కాదు, తెనాలి వైపు మనిషి. మద్రాసులో తెలుగు పుస్తకాలు అచ్చయ్యే ప్రెస్సుల్లో ప్రూఫులు దిద్ది దిద్ది కళ్ళు పోగొట్టుకున్నాడు. పార్టీ మనిషి. 'సోవియట్ భూమి' పత్రిక నున్నటి కాగితంతో మా పుస్తకాలకి అట్టలేసుకున్న తరం మాది. ఆ పత్రికని అట్టలకి వాడటం ఆయన చూస్తే ఊరుకునేవాడు కాదు. రోజూ సాయంత్రం ఆయన మెట్లెక్కి వచ్చేసరికి మాస్కో పెట్టాలి. 'మాస్కో సాయంకాలాలు' పాట బాణీ గంటల మీద మోగేది, తర్వాత వార్తలు. రేడియో మాస్కోలో జో ఆడమోవ్ అని ఒకాయన శ్రోతల ఉత్తరాలకి జవాబులిచ్చేవాడు. అచ్చం అమెరికా వాడిలాగా మాట్లాడేవాడు. "మనవాడే" అనేవాడు బాబాయిగారు, ఆ ఇంగ్లీషు ఆయనకి సగం కూడా అర్థం కాకపోయినా. బెర్లిన్‌లో తూర్పు జర్మనీ వాళ్ళ రేడియో ఒకటి ఉండేది, రేడియో బెర్లిన్ ఇంటర్నేషనల్. వాళ్ళకి వినికిడి ఎట్లా ఉందో రిపోర్టు రాసి పంపితే విన్నది తమ స్టేషనేనని ఒప్పుకుంటూ రంగుల క్యూఎస్ఎల్ కార్డులు, చిన్న జెండాలు పోస్టులో వచ్చేవి. బాబాయిగారి దగ్గర అవి అట్టపెట్టె నిండా ఉండేవి.

పెదనాన్నకి ఏ పార్టీ లేదు. ఆయనకి కావలసింది టైము సరిగ్గా పడటం. వీళ్ళిద్దరి మధ్య కూర్చుని నేను రాసేదాన్ని.

కింద హౌస్ ఓనర్ మామ కూడా రాత్రి తొమ్మిది దాటాక లండనే పెట్టేవాడు, కానీ తమిళంలో. బీబీసీ 'తమిళోసై' 1941 నుంచీ వస్తుండేది. శ్రీలంకలో మన సైన్యం ఉన్న రోజులు, మద్రాసులో ప్రతి ఇంట్లో ఆ వార్తలకే చెవులు. ఆ గొంతు మెట్లమీదుగా పైకి వస్తుంటే పెదనాన్నకి ఒళ్ళు మండేది. "బర్మీస్‌లో చెబుతారు, తమిళంలో చెబుతారు, బెంగాలీలో చెబుతారు. మనమేం పాపం చేశాం?" తెలుగుకి బీబీసీ 2017 అక్టోబరులో వచ్చింది, అదీ ఇంటర్నెట్లో. అప్పటికి ఆయన లేడు. ఉన్నా కంప్యూటర్లో వచ్చేదాన్ని రేడియో అని ఒప్పుకునేవాడు కాదనుకుంటా.

సెప్టెంబరులో హంగరీ ఆస్ట్రియా వైపు సరిహద్దు తెరిచింది. తూర్పు జర్మన్లు చిన్న చిన్న కార్లలో అటుగా వెళ్ళిపోతున్నారని రోజూ వార్త. అక్టోబరు 9న లైప్‌జిగ్‌లో డెబ్భై వేలమంది వీధుల్లోకి వచ్చారు. 18న తూర్పు జర్మనీ నేత హోనెకర్ దిగిపోయాడు, ఎగాన్ క్రెంజ్ వచ్చాడు. ఆ నెలాఖరులో మాస్కో విదేశాంగశాఖ ప్రతినిధి గెరాసిమోవ్ ఒక మాట అన్నాడు. తూర్పు యూరప్ దేశాలు ఇక ఎవరి దారిన వాళ్ళు పోవచ్చు, మాది ఫ్రాంక్ సినాట్రా సిద్ధాంతం అని. బాబాయిగారు రెండు రోజులు ఆ సినాట్రా ఎవరో, ఏ మహాసభలో ఆ సిద్ధాంతం ప్రవేశపెట్టాడో వెతికాడు. 'మై వే', అంటే 'నా దారి' అనే పాట పాడిన అమెరికా పాటగాడని నేను చెప్పాక చాలాసేపు మాట్లాడలేదు. "పాటలవాడి పేరు చెప్పి నలభయ్యేళ్ళు కొట్టేశాడా" అన్నాడు చివరికి.

నవంబరు 9, గురువారం. రాత్రి పన్నెండున్నర వార్తల్లో తూర్పు బెర్లిన్‌లో గుంటర్ షబోవ్‌స్కీ అనే పార్టీ పెద్ద విలేకరుల సమావేశంలో చెప్పిన సంగతి వచ్చింది. తూర్పు జర్మన్లు ఏ సరిహద్దు దగ్గరైనా దాటి వెళ్ళొచ్చు. ఎప్పటినుంచి అని అడిగితే, కాగితాలు అటూ ఇటూ తిప్పి, వెంటనే అన్నాడు. పెదనాన్న పుస్తకం ముందు పెట్టుకుని పెన్ను తియ్యాలా పెన్సిల్ తియ్యాలా తేల్చుకోలేకపోయాడు. చెప్పినవాడు ప్రభుత్వం మనిషి, కాబట్టి ఇంకే. కానీ 'వెంటనే' అన్న ఒక్క మాట మాత్రం ఆయనకి నచ్చలేదు. దాన్ని ఎర్రగా రాశాడు.

తర్వాత బయటపడిన సంగతి, ఆ ప్రకటన మర్నాడు తెల్లవారుజామున నాలుగింటిదాకా బయటికి రాకూడదు. షబోవ్‌స్కీకి కాగితం చేతికిచ్చారు గాని ఆ సంగతి అతని చెవిన పడలేదు. చేతికొచ్చిన కాగితం పూర్తిగా చదువుకోకుండా కౌంటర్లో కూర్చుంటే ఏమవుతుందో మా తంతి ఆఫీసులో ఎవర్నడిగినా చెప్పేవాళ్ళని పెదనాన్న తర్వాత చాలా ఏళ్ళు చెప్పుకున్నాడు. ఆ రాత్రి బోర్న్‌హోల్మర్ వీధి గేటు దగ్గర జనం పెరిగి పెరిగి, పైనుంచి ఆర్డరు రాక, కాపలా అధికారులు వాళ్ళంతట వాళ్ళే తెరిచేశారు. అక్కడ పదకొండున్నర. మనకి శుక్రవారం తెల్లవారుజాము నాలుగు. టి.నగర్‌లో పేపర్ల కుర్రాళ్ళు అప్పుడే కట్టలు విప్పుకుంటుంటారు, అచ్చయిపోయిన ఆ పేపర్లలో ఈ సంగతి ఉండే వీల్లేదు.

అయిదున్నరకి పెదనాన్న నన్ను లేపాడు. బీబీసీ వార్తల ముందు వచ్చే లిల్లీబులేరో బాణీ, గంటలు, లండన్. జనం దాటుతున్నారు. గోడ మీదికి ఎక్కుతున్నారు. నేను చీకట్లోనే గీసుకుపోతున్నాను, లైటు వేస్తే ట్యూబు రొద. పెద్దమ్మ పాల ప్యాకెట్ల కోసం కిందికి దిగబోయి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఆరు దాటాక బాబాయిగారు వచ్చాడు. పంచె మీద తువ్వాలు వేసుకుని, నడకకి బయల్దేరిన మనిషి. నిలబడే విన్నాడు. ఏమైనా అంటాడేమో, మళ్ళీ గొడవ మొదలవుతుందేమో అని నాకు టెన్షన్. ఆయన ఒక్కటే అడిగాడు.

"కాల్పులు జరిగాయా?"

"లేదు బాబాయిగారూ."

"ఎక్కడా?"

"ఎక్కడా లేదన్నారు."

"అది రాశావా? రాయమ్మా. జరగనిది కూడా వార్తే."

పెదనాన్న పుస్తకంలో జరగనిదానికి గడి లేదు. కాసేపు చూసి, ఆ రోజు పేజీ కింద కాస్త చోటు వదిలి అక్కడ రాయించాడు. తర్వాత ప్రతి రోజూ పేజీ అడుగున ఆ చోటు వదలడం అలవాటైంది. అందులో ఏం రాయాలన్న దానిమీదే ఎక్కువ సేపు వాదించుకునేవాళ్ళు. మాస్కో ఏం చెప్పలేదు, బీజింగ్ ఎన్ని రోజులు బెర్లిన్ ఊసెత్తలేదు, ఆకాశవాణి దేన్ని నాలుగో వార్తగా పెట్టింది. చదివేవాళ్ళకి ఆ పుస్తకంలో అన్నిటికంటే పనికొచ్చేవి ఆ అడుగు వరుసలే అని నా ఉద్దేశం.

బొమ్మలు మాత్రం దూరదర్శన్లోనే చూశాం, వారానికోసారి ప్రణయ్ రాయ్ ప్రపంచ వార్తలు చెప్పే కార్యక్రమంలో. గోడ నేననుకున్నంత ఎత్తు లేదు.

ఈలోపు మనకీ ఎన్నికలొచ్చాయి. నవంబరు ఆఖర్లో పోలింగు. మా వీధికి కాస్త దూరంలోనే బజుల్లా రోడ్డులో ఎన్టీ రామారావు ఇల్లు ఉండేది. ఒకప్పుడు తిరుపతి యాత్రికుల బస్సులు ఆయన్ని చూడటానికి అక్కడ ఆగేవి. ఆ ఏడు ఆయన నేషనల్ ఫ్రంట్ ఛైర్మన్. ఢిల్లీలో రాజీవ్ ప్రభుత్వం పోయి వి.పి. సింగ్ ప్రధాని అయ్యాడు, కానీ ఫ్రంట్ పెట్టిన రామారావు మాత్రం ఆంధ్రలో ఓడిపోయాడు. కల్వకుర్తిలో స్వయంగా ఓడిపోయాడు. దేశమంతా ఒక వైపు పోతే తెలుగువాళ్ళూ తమిళులూ ఇంకో వైపు పోయారు. ఈ ముడి విప్పి లండన్ శ్రోతలకి చెప్పడానికి బీబీసీ వాళ్ళు పడిన అవస్థ, 'ఆంధ్రప్రదేశ్' అని పలకడానికి పడిన అంతకంటే పెద్ద అవస్థ విని పెద్దమ్మ కూడా వంటింట్లోంచి వచ్చి నవ్వింది. నేను మజోవియెత్స్కికి పడిన కష్టం తీరినట్టయింది.

ప్రాగ్ సంగతి దగ్గర మాత్రం ఇంట్లో నిజంగా గొడవైంది. నవంబరు 17న అక్కడ విద్యార్థుల ఊరేగింపుని పోలీసులు చావగొట్టారు. మర్నాడు మార్టిన్ ష్మిడ్ అనే విద్యార్థి చనిపోయాడని పుకారు లేచి, పశ్చిమ దేశాల రేడియోల్లోకి ఎక్కింది. అది విన్నాక జనం ఇంకా ఎక్కువగా వీధుల్లోకి వచ్చారు. తీరా చూస్తే అట్లాంటి చావు జరగనే లేదు, ఆ పేరున్న విద్యార్థులు ప్రాణాలతోనే ఉన్నారు. పెదనాన్న దాన్ని ఎర్ర పెన్సిల్తోనే రాయించాడు కాబట్టి పుస్తకానికి నష్టం లేదు. బాబాయిగారు ఊరుకుంటాడా. "అన్నగారూ, ఇదేనా మీ లండన్, మీ వాషింగ్టన్? చావని కుర్రాడిని చంపి ప్రభుత్వాన్ని దించారు." పెదనాన్న దగ్గర జవాబు లేదు. తల పట్టుకుని, "దెబ్బలు తిన్నది నిజమే కదా మాస్టారూ" అన్నాడు.

"దెబ్బలు నిజం. చావు అబద్ధం. ఏది జనాన్ని బయటికి తెచ్చింది?"

ఆ ప్రశ్న నాకు ఇప్పటికీ తేలలేదు. ఇప్పుడు ఫోన్లో ఫార్వర్డు మెసేజీ వచ్చిన ప్రతిసారీ చావని ఆ కుర్రాడే గుర్తొస్తాడు. డిసెంబరు 29న వాత్స్లావ్ హావెల్ చెకొస్లొవేకియా అధ్యక్షుడయ్యాడు. ఆ మార్పు అబద్ధం మీద వచ్చిందని నేననను, కానీ ఆ మూడు రోజుల్లో ఆ పుకారు చేసిన పని లేదనీ అనలేను.

రుమేనియా అంకెల కథ. తిమిషోరాలో డిసెంబరు మధ్యలో కాల్పులు జరిగాక రోజుకో లెక్క. హంగరీ రేడియో ఒకటి చెబుతుంది, యుగోస్లావియా ఏజెన్సీ ఇంకొకటి, తూర్పు జర్మనీ ఏజెన్సీ నాలుగు వేల పైచిలుకు అంటుంది. బీబీసీ వాళ్ళు ఎవరు చెప్పారో చెప్పి మరీ చదివేవాళ్ళు. వాయిస్ ఆఫ్ అమెరికా కూడా అంతే. అయినా రెండోసారి, మూడోసారి విన్నప్పుడు ఎవరు చెప్పారన్నది చెవిలోంచి జారిపోయి అంకె ఒక్కటే మిగులుతుంది. నా షార్ట్‌హ్యాండు కూడా అంకె దగ్గర గట్టిగా, పేరు దగ్గర తేలిగ్గా పడేది. పెదనాన్న అది కనిపెట్టి తిట్టాడు. రుమేనియాని ఏలిన చౌషెస్కుని 25న విచారణ పేరుతో నిలబెట్టి అరవై వేలమందిని చంపించాడని నేరం మోపారు, ఆ రోజే కాల్చేశారు. దేశం మొత్తం మీద చనిపోయినవాళ్ళు వెయ్యికి కాస్త ఎక్కువని తర్వాత లెక్క తేలింది. వెయ్యి తక్కువేం కాదు. ఆ పేజీలన్నీ ఎరుపే. ఆ క్రిస్మస్ వారానికి ఒక పెన్సిల్ అయిపోయింది.

చౌషెస్కు పోయాడన్న వార్త రాత్రి పొద్దుపోయాక విన్నాం. బాబాయిగారు లేచి కండువా దులుపుకున్నాడు. "వాడు ఏనాడూ మావాడు కాదమ్మా" అన్నాడు. మిగతావాళ్ళ గురించి నేనడగలేదు.

1990 మొదట్లో నాకు మౌంట్ రోడ్డులో ఒక కంపెనీలో స్టెనో ఉద్యోగం దొరికింది. జీతం గురించి చెప్పుకోవడానికేం లేదు. మేనేజరు గొణుగుడు అర్థం కాక ఇద్దరు అమ్మాయిలు అంతకుముందే మానేశారట. గాలిలో తేలుతూ, ఊగుతూ, మెరుపుల మధ్య వచ్చే గొంతులు విన్నదాన్ని, నాకు ఆ గొణుగుడు శాస్త్రీయ సంగీతం. సాయంత్రం పని మాత్రం మానలేదు. మార్చిలో శ్రీలంక నుంచి మన సైన్యం ఓడల్లో మద్రాసు హార్బరుకి తిరిగొచ్చింది. ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతం చెప్పడానికి వెళ్ళలేదు. ఆ రోజు కింద మామ రేడియో మామూలు కంటే గట్టిగా పెట్టాడు.

ఆ అక్టోబరులో బాబాయిగారు ఒక సాయంత్రం వేళ కాని వేళ వచ్చాడు. రెండో తారీఖు, గాంధీ జయంతి, ఆఫీసులకి సెలవు. చేతిలో ఆ అట్టపెట్టె. రెండు జర్మనీలూ మర్నాటి నుంచి ఒకటవుతున్నాయి, రేడియో బెర్లిన్ ఇంటర్నేషనల్‌కి అదే ఆఖరి రోజు. "మీ పెద్ద సెట్టులో విందాం అన్నగారూ" అన్నాడు. పెదనాన్న మర్ఫీ వేశాడు. ఆ సాయంత్రం గాలి బాగాలేదు, స్టేషను మునుగుతూ తేలుతూ వచ్చింది. నేను రాయబోతే బాబాయిగారు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. పెదనాన్న మాత్రం, అలవాటు కొద్దీ, వినికిడి రిపోర్టు ఫారం మీద టైము, ఫ్రీక్వెన్సీ, శబ్దం ఎట్లా ఉందో అంకెలు వేసి ఆయన ముందు పెట్టాడు. "పంపుదాం మాస్టారూ, కార్డు వస్తుంది."

"ఎవరికి పంపుతాం?" అన్నాడాయన.

ఆ ట్రాన్స్‌మిటర్లు పశ్చిమ జర్మనీ వాళ్ళ డాయిష్ వెల్లె చేతికి వెళ్ళాయి. కొన్నాళ్ళకి పెదనాన్న ముల్లు తిప్పుతూ అదే చోట డాయిష్ వెల్లె పట్టుకుని, గొంతు అదే, మనుషులు వేరన్నాడు. ట్రాన్స్‌మిటర్ గొంతు అని ఒకటుంటుందని ఆయన గట్టి నమ్మకం. నేను వాదించలేదు.

1991 మే 21 రాత్రి గురించి ఇక్కడ రాయను. శ్రీపెరంబుదూరు మాకు నలభై కిలోమీటర్లు. ఆ రాత్రి మద్రాసులో ఉన్నవాళ్ళకి రేడియో వినాల్సిన పని లేకపోయింది.

ఆగస్టు 19, సోమవారం. మాస్కోలో అత్యవసర కమిటీ అధికారం తీసుకుందని, గోర్బచోవ్‌కి ఒంట్లో బాగాలేదని వార్త. బాబాయిగారు, పెదనాన్న ఆ మూడు రోజులు మా వరండాలోనే కాపురం పెట్టారు. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి పెదనాన్న చేతిరాతలో పేజీలు నిండి ఉండేవి, అడుగు వరుసల్లో మాత్రం బాబాయిగారి దస్తూరీ. 'గోర్బచోవ్ గొంతు ఇంతవరకు ఎవరూ వినిపించలేదు' అని ఆయన మొదటి రోజే రాశాడు. ఆయన ఆ కమిటీ పక్షాన ఉన్నాడో, దాన్ని ఎదిరించిన ఎల్త్సిన్ పక్షాన ఉన్నాడో ఆ మూడు రోజుల్లో నాకు తెలియలేదు, బహుశా ఆయనకీ తెలియలేదు.

కుట్ర కూలింది. 22న గోర్బచోవ్ మాస్కోకి తిరిగొచ్చి విలేకరులతో మాట్లాడాడు. క్రిమియాలో ఫోరోస్ బంగళాలో ఆయన్ని బంధించి టెలిఫోన్లన్నీ కోసేస్తే, సిబ్బంది గదుల్లో దొరికిన పాత రేడియోలకి ఏరియల్ తగిలించుకుని బయటి వార్తలు విన్నారట. బీబీసీ అన్నిటికంటే బాగా వినపడిందట. ఇది వినగానే పెదనాన్న కుర్చీలోంచి లేచాడు. ప్రపంచంలో సగం క్షిపణులకి యజమాని, చివరికి తనలాగే తీగ కట్టుకుని లండన్ పట్టుకున్నాడు. కానీ ఆనందం అయిదు నిమిషాలే.

"ఏ బ్యాండులో విన్నాడో చెప్పలేదే?"

మర్నాడు పేపరు తెచ్చి ఆ వార్త రెండుసార్లు చదివాడు. అందులోనూ లేదు. అంతమంది విలేకరులున్నారు, ఒక్కడికీ అది అడగాలని తోచలేదా అని ఆయన బాధ. బాబాయిగారు నా పాత అట్లాసు తెరిచి నల్లసముద్రం మీద వేలు పెట్టాడు. బీబీసీకి సైప్రస్‌లో రిలే స్టేషన్ ఉంది కాబట్టి అక్కణ్ణుంచే వచ్చుంటుంది, 31 మీటర్లు అన్నాడు. అంత దగ్గరైతే 31 తలమీదుగా దాటిపోతుంది, రాత్రి పూట 49 అయ్యుండాలని పెదనాన్న. పగలు విన్నాడో రాత్రి విన్నాడో తెలియకుండా ఎట్లా చెబుతారని బాబాయిగారు. మూడు రోజులు బంధిస్తే పగలూ రాత్రీ వింటారు గాని ఒక పూటే వింటారా అని పెదనాన్న. ఏడు దాటినా ఎవరూ తగ్గలేదు. పెద్దమ్మ మిక్సీ వేసింది, ఆ రోజు ఎవరూ వద్దనలేదు.

"సరే, పగలు 31, రాత్రి 49. రాయమ్మా" అన్నాడు పెదనాన్న చివరికి.

బాబాయిగారు ఎర్ర పెన్సిల్ తీసి నా చేతికిచ్చాడు.